ఎండ చూడని పెట్టె

దీపం దగ్గరికి వచ్చే పురుగు వేరు, దీపాన్ని చూసి పారిపోయే పురుగు వేరు. ఈ తేడా తెలియనివాళ్లు ఇంట్లో ఎగిరే ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టి చీపురు ఎత్తుతారు. నేను ముందు చూస్తాను. పోయిన నెల హోసూరులో మా పడకగది అల్మారా తలుపు తీసినప్పుడు ఒకటి బయటికి వచ్చింది. బియ్యపు గింజంత ఉంది, ఎండుగడ్డి రంగు, కాస్త మెరుపు. పైన ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. అది లైటు వైపు తల కూడా తిప్పలేదు. తలుపు అంచు మీద గబగబా నడిచి, మడతపెట్టిన శాలువ సందులోకి దూరింది. అరవై దాటిన మనిషిని, మనవళ్లున్నదాన్ని, గింజంత పురుగుని చూసి మంచం మీద కూలబడ్డానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేమీ కోపం లేదు. బట్టలు తినే చిమ్మట సంగతి తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు. రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు. తినేదంతా దాని పిల్ల పురుగే. అంటే రెక్కలది కంటబడిందంటే లోపల తినవలసింది అప్పటికే తినేసి ఉంటుందన్నమాట.

శాలువ విప్పి వెలుగుకు పట్టుకున్నాను. మడతల దగ్గర, ఎప్పుడో పాయసం ఒలికిన మరక చుట్టూ, చిన్న చిన్న తూట్లు. ఆ పురుగులు ఎక్కడినుంచి వచ్చాయో వెతికే పని లేదు. పక్కగదిలో మా అవ్వ పనసచెక్క పెట్టె ఉంది. అమ్మ పోయాక తమ్ముడు మునిరాజు దాన్ని ఊరినుంచి టెంపోలో వేసుకొచ్చి మా ఇంట్లో దించాడు. వాడు కృష్ణగిరిలో మామిడి మండీ నడుపుతాడు. "మా ఇంట్లో సోఫాకే చోటు లేదక్కా, నువ్వే పెట్టుకో" అని చేతులు దులుపుకున్నాడు. పెట్టుకున్నాను కానీ తెరవలేదు. దాని మీద ఒక దుప్పటి కప్పి, దుప్పటి మీద పాత పత్రికలు పేర్చి, అదొక బల్ల అన్నట్టు నటిస్తూ వచ్చాను.

మా ఊరు బేరిగైకి ఆవల. ఇంట్లో సగం మాది, సగం పట్టుపురుగులది అని చెప్పుకునేవాళ్లం కానీ, న్యాయంగా చూస్తే మా వాటా సగం కూడా కాదు. నడిమింటి నిండా వెదురు తట్టలు, ఒకదాని మీద ఒకటి. మేం వసారాలో పడుకునేవాళ్లం. తెల్లవారకముందే నాయన, అమ్మ రేషం తోటకు, అదే మల్బరీ తోటకు, పోయి ఆకు కోసుకొచ్చేవాళ్లు. తడి గోనెసంచుల కింద ఆకు వాసన, పురుగు పెంట వాసన, ఇంటి గోడల్లోకే ఇంకిపోయి ఉండేవి. పెద్దపురుగు మేత మేస్తుంటే చినుకులు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వినబడితే అవ్వ ముఖంలో నెమ్మది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. మావాళ్లు దాన్ని జ్వరం అంటారు. పురుగు జ్వరంలో ఉందంటే మేం గట్టిగా తుమ్మడానికి కూడా లేదు. అవ్వ నాయనకు అమ్మ, తాత పోయినప్పటినుంచీ ఆ ఇంటికి ఆమే పెద్ద. స్నానం చేయకుండా తట్టల దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. పొగాకు నమిలేవాళ్లకు వీధి అరుగే గతి. సెంటు పూసుకొచ్చిన ఒక చుట్టాన్ని బావి దగ్గరికి పంపి ఒళ్లు రుద్దుకుని రమ్మంది. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు.

పట్టుపురుగుకు ఏ ఘాటూ పడదు. అందుకని పక్కింటివాళ్లు బట్టల మధ్య వేసుకునే వావిలాకు, వసకొమ్ము, పొగాకు కాడ మా ఇంట్లో కనబడడానికి వీల్లేదు. వేపాకు పొగ వేయకూడదు. హోసూరు సంతలో అమ్మే కలరా ఉండలు అవ్వ లెక్కలో విషంతో సమానం. అంతటితో ఆగితే బాగుండేది. తట్టల్లో పురుగు ఉన్నన్నాళ్లూ ఇంట్లో చీమను కూడా చంపనిచ్చేది కాదు. "పురుగే కదమ్మా మనకు అన్నం పెడతాండేది. దాని జాతిని చంపి ఈ ఇంట్లో యాడ బాగుపడతాము?" అనేది. మా ఇంట్లో తట్టలు ఖాళీగా ఉన్న రోజులు తక్కువ. అంటే ఆ ఇంట్లో పురుగుకు ఏడాది పొడుగునా అభయమే.

అలాంటి ఇంటికి మారెమ్మ చీర వచ్చింది. జాతర అయ్యాక అమ్మవారి పట్టుచీరను ఊళ్లో ఒక ఇంటికి అప్పగిస్తారు. మళ్లీ జాతర దాకా అది ఆ ఇంటి పెట్టెలో ఉంటుంది. ఏ ఇంటికన్నది చీటీ వేసి తేలుస్తారు. మా ఇంటి చీటీ రాక చాలా ఏళ్లైంది, అవ్వ కోడలిగా వచ్చాక అదే మొదలు. పలకలు కొట్టుకుంటూ, చేటలో పెట్టి, తల మీద మోసుకొచ్చారు. ఎర్రటి చీర, వెడల్పాటి జరీ అంచు. దాని నిండా పసుపు, నూనె, పాలు, నెయ్యి. ఉతికితే అమ్మవారి శక్తి నీళ్లలో పోతుందని ఉతకరు. పట్టుకూ కంబళికీ మైల అంటదని ఇంకొక నమ్మకం. అందుకే అవ్వ తాత కప్పుకున్న నల్లకంబళిని మడిచి పెట్టెలో గద్దెలాగా వేసింది. ఆ కంబళినీ తాత పోయినప్పటినుంచి ఉతకలేదు. ఉతికితే ఆయన వాసన పోతుందని. దాని మీద చీర పెట్టి, మూత వేసి, పసుపుదారం కట్టింది. జాతర రోజు తెల్లవారి ఇంటి పెద్దావిడ తలస్నానం చేసి తీసేదాకా ఆ మూత ఎత్తకూడదు. ఎత్తితే ఏమవుతుందని నేను అడిగాను. అవ్వ అమ్మ వైపు చూసింది. ఇంట్లోని చిన్న ప్రాణానికి కీడని ఊళ్లో అందరికీ తెలుసు. నేనైతే అప్పటికే చెట్లెక్కే వయసుదాన్ని. చిన్న ప్రాణం అంటే నేను కానని నాకు అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది. అప్పటికి అమ్మ నీళ్లోసుకుంది.

చినుకులు మొదలైన రోజుల్లో పెట్టె పక్క గోడ మీద ఆ గడ్డిరంగు రెక్కలపురుగులు కనబడ్డాయి. దీపం పెట్టే వేళకు ఒకటో రెండో బయటికి వచ్చి, గోడ వెంట పరుగెత్తి, మళ్లీ పెట్టె వెనక్కి పోయేవి. అమ్మ పుట్టినూరు కల్లావి. ఆమె మాటలో అరవం ఎక్కువని అవ్వ ఎప్పుడూ ఆటపట్టించేది. అమ్మ ఆ పురుగును చూసి, "అత్తా, మా ఊర్లో దీన్ని అందుపూచి అంటారు. ఇది బట్టలకు మంచిది కాదు" అంది. "మీ ఊర్లో అన్నిటికీ ఒక పేరుండాది. నువ్వు ఊరికే భయపడొద్దు, కడుపుతో ఉండేదానివి" అని అవ్వ నవ్వేసింది. నాయనతో చెప్తే ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆ పెట్టె ఆడోళ్ల సంగతి, నన్ను లాగొద్దు" అని తోటకు పోయాడు. రోజులు గడిచేకొద్దీ గోడ మీద అవి ఎక్కువయ్యాయి. రాత్రుళ్లు తట్టల్లోంచి మేత మేసే చప్పుడు వింటూ నేను నిద్రపోయేదాన్ని. పెట్టెలోంచి మాత్రం ఏ చప్పుడూ వచ్చేది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరించేది ఆ నిశ్శబ్దానికే.

తర్వాత ఒకరోజు పొద్దున, పెట్టె అడుగు చెక్కల సందు కింద, అలికిన నేల మీద ఎర్రగా పొడి రాలి ఉంది. అవ్వ వంగి చూసింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "రత్నమ్మా, బిన్నా రా! చూసినావా, అమ్మ కుంకుమ ఇస్తాండాది" అని కేకపెట్టింది. అమ్మ చేతిలో పేడ తట్ట అట్లాగే ఉంది. అవ్వ ఆ పొడిని వేలికి అద్దుకుని ముందు తన నుదుట పెట్టుకుంది, తర్వాత అమ్మ నుదుట, ఆ తర్వాత నాకు. ఆ పొద్దునుంచీ అదొక పూజ అయింది. లేవగానే అవ్వ పెట్టె కింద చూడటం, రాలిన ఎరుపును ఆకులోకి ఎత్తడం, కడుపుతో ఉన్న కోడలికి పెట్టడం. ఊళ్లోవాళ్లకు తెలిసి ఒకరిద్దరు అడిగి పట్టుకెళ్లారు కూడా. మా ఇంటికి అంత గౌరవం అంతకుముందు లేదు.

అమ్మ మాత్రం చిక్కిపోయింది. మా ఇంట్లో తట్టలు శుభ్రం చేసేది అమ్మే. రోజూ వేలాది పురుగుల కిందనుంచి పెంట ఎత్తి దిబ్బకు మోసే చెయ్యి అది. పురుగు పెంట వేళ్ల మధ్య ఎట్లా దొర్లుతుందో ఆ చేతికి తెలుసు. ఒక పొద్దున అవ్వ బొట్టు పెట్టబోతే తల వెనక్కి తీసుకుంది. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి, అవ్వ కుడిచేతిలో చిటికెడు కుంకుమ, ఎడమచేతిలో పెట్టె కింద ఎరుపు పోసి, రెండింటి మీదా నీటిచుక్క వేసింది. కుంకుమ కరిగి అరచేతి గీతల్లోకి పారింది. రెండోది గింజ గింజగా అట్లాగే నిలిచింది.

"ఇది కుంకుమ కాదత్తా, పురుగు పెంట" అంది అమ్మ.

"నోరు కడుక్కో పో" అంది అవ్వ.

"దినామూ తట్టలు ఎత్తేదాన్ని నేను. పురుగు ఏం తింటే దాని పెంటకు ఆ రంగే. మన పురుగు ఆకు తింటాది, పచ్చంగా, నల్లంగా వేస్తాది. ఇది ఎర్రంగా వేస్తాండాదంటే లోపల ఏం తింటాండాదో నువ్వే చెప్పు."

అవ్వ రెండు చేతులనూ చాలాసేపు చూసుకుంది. పట్టుపురుగుల మధ్యే తల నెరిసిన మనిషి. ఆమెకు అప్పుడే తెలిసిపోయిందని నా నమ్మకం. "తెరిస్తే బిడ్డకు కీడు" అంది చివరికి. "తెరవకపోతే అమ్మకే బట్ట ఉండదు కదత్తా. అప్పుడు ఆ బిడ్డకు మంచి జరగతాదా?" అంది అమ్మ. అవ్వ లేచి తట్టల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. మరుసటి పొద్దున పెట్టె కింద తానే ఊడ్చింది. బొట్టు పెట్టలేదు. ఇల్లంతా పురుగు జ్వరంలో ఉన్నట్టు అయిపోయింది. మేం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం, ఎందుకో అడిగే ధైర్యం నాకు లేదు.

పక్క ఊళ్లో ఎవరో పోయారని అవ్వ పలకరింపుకు వెళ్లిన మధ్యాహ్నం అమ్మ ఆ పసుపుదారం విప్పింది. నిండు కడుపుతో, పెట్టె ముందు కూచుని, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, మరో చేత్తో మూత ఎత్తింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎవరిని బతిమాలిందో, ఏమని మొక్కిందో నాకు వినబడలేదు. మూత ఎత్తగానే చీర నిండుగా, ఎర్రగా, చెక్కు చెదరకుండా కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడే వాకిట్లో అవ్వ గొంతు. అనుకున్నదానికన్నా ముందే తిరిగొచ్చింది. చావింటినుంచి వచ్చిన మనిషి, నీళ్లు పోసుకోకుండా గడప దాటడానికి లేదు. అందులోనూ ఆ పెట్టె తెరిచి ఉండగా అసలే లేదు. గడప అవతల నిలబడి, రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని, మమ్మల్ని చూసింది. అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని నేను గోడకు అంటుకుపోయాను.

"ఎత్తు" అంది అవ్వ. "ఇంకా ఎత్తు. నన్ను చూడనీ."

అమ్మ చీరను రెండు చేతులతో పైకి లేపింది. పై మడత కింద రెండో మడత లేదు. ఉన్న చోట తెల్లటి బూజు గూళ్లు, ఆ గూళ్లలోంచి తల మాత్రం బయటపెట్టి కదులుతున్న పురుగులు. పసుపు, నెయ్యి మరకలున్న చోటల్లా బట్ట పోయి జరీ పోగులు వేలాడుతున్నాయి. ఎర్రటి గింజలు జలజలా కంబళి మీదికి రాలాయి. కంబళి ఇంకా ఘోరం, పట్టుకుంటే పిడికిళ్లుగా ఊడొచ్చింది. అవన్నీ తాత కంబళిలో పుట్టి, అమ్మవారి చీరలోకి పాకినవే. గద్దె అని అవ్వ భక్తితో వేసిందే వాటికి ఊయల అయింది.

అవ్వ బావి దగ్గర నెత్తిన నీళ్లు పోసుకుని, తడిబట్టతోనే లోపలికి వచ్చింది. ఒక పురుగును గూడుతో సహా అరచేతిలోకి తీసుకుంది. జీవితమంతా పురుగును అట్లా అరచేతిలో పెట్టుకుని మురిసిన మనిషి. "ఇది మన పురుగు కాదు" అని దాన్ని నేలకేసి కాలి మడమతో నలిపింది. ఆమె ఒక పురుగును చంపడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత తడి కొంగుతో అమ్మ నుదురు తుడవడం మొదలుపెట్టింది. అక్కడ ఆ రోజు ఏ బొట్టూ లేదు. అయినా తుడిచింది, చర్మం కందేదాకా తుడిచింది, ఏడుస్తూ తుడిచింది. అమ్మ కదలకుండా కూచుంది.

ఆ సాయంత్రంలోగా పెరటి వెనక, రేషం కట్టెల మోపుల చాటున, ఎవరికంటా పడకుండా చీరను ఎండలో పరిచారు. కొబ్బరిపీచుతో మడత మడతా, అంచు అంచూ రుద్ది గుడ్లు రాల్చారు. కంబళిని మరిగే నీళ్లలో ముంచితే ముడుచుకుని సగమైంది. ఆరాక అవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కింద పెట్టేసింది. పెట్టె సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, బోర్లించి, రెండు మూడు ఎండలు చూపారు. ఎండ, వేడినీళ్లు, దులపడం. దానికి మించిన మందు నాకు ఇప్పటికీ తెలియదు. చీరలో తిన్న భాగమంతా లోపలి కొంగు వైపే ఉంది. అవ్వ దాన్ని మూరెడు మేర కత్తిరించింది. అమ్మవారి బట్టను కాల్చకూడదు, పారేయకూడదు, పారే నీళ్లలో వదలాలి. వదలడానికి ఏటికి పోతే ఊరు అడుగుతుంది. అందుకని పెట్టె అడుగు పలక ఎత్తి దాని కింద పెట్టింది. "సరోజా, ఇది చూసింది నీ కళ్లు కాదు" అని నాతో అంది. చాలాకాలం నేను అది నిజమనే అనుకున్నాను.

జాతర నాడు పూజారి చీర కట్టబోతే కొంగు అందలేదు. మళ్లీ చుట్టాడు, అప్పుడూ అందలేదు. గుంపులో నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను, అది చల్లగా ఉంది. పూజారి వెనక్కి తిరిగి, "ఈయేడు అమ్మ ఒళ్లు చేసిందప్పా, చీర చాలటం లేదు!" అన్నాడు. జనం కేరింతలు కొట్టారు. అమ్మవారు బలిసిందంటే ఊరికి పంట, పాడి. పలకలు మోగాయి. మా అవ్వను భుజం తట్టి పొగిడారు, అంత బాగా చూసుకుందని. అవ్వ నవ్వింది. అట్లాంటి నవ్వు నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు, చూడాలనీ లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు తమ్ముడు పుట్టాడు. బొద్దుగా, గట్టిగా ఏడ్చే పిల్లాడు. వాడికి ఏ కీడూ జరగలేదు. కానీ అవ్వ పోయేదాకా వాడి నుదుటి మీద చెయ్యి వేయని పూట లేదు. బడినుంచి వస్తే చెయ్యి, నిద్రలేస్తే చెయ్యి. కాస్త వెచ్చగా తగిలితే ఆమె చూపు ముందు పెట్టె మీదికి పోయేది, ఆ తర్వాతే వైద్యుడికి కబురు. అమ్మ అట్లా చేసేది కాదు. అమ్మ ఏడాదికొకసారి, మంచి ఎండ చూసి, పెట్టెను పెరట్లోకి లాగించి, ఆ ముడుచుకుపోయిన కంబళిని దులిపి ఆరబెట్టేది. అడుగు పలక మాత్రం ఎత్తేది కాదు. తమ్ముడు పెద్దయ్యాక, అవ్వకు తానంటే ఎంత ప్రాణమో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ప్రేమకూ భయానికీ చెయ్యి ఒకటే అయినప్పుడు పిల్లలకు తేడా ఎట్లా తెలుస్తుంది? నాకే తెలియలేదు ఎన్నో ఏళ్లు.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. ఉన్ని బట్టలను ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో కొన్నాళ్లు ఉంచితే గుడ్లతో సహా చస్తాయని చదివి, నా శాలువ అట్లాగే పెట్టాను. పనమ్మాయి ఐస్ కోసం తీసి చూసి బిత్తరపోయింది. వాక్యూమ్ క్లీనరుతో అల్మారా మూలలన్నీ పీల్చాను, మంచం కిందా పీల్చాను. చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, చీరకూ బిడ్డకూ ఏ సంబంధమూ లేదని ఎవరికైనా గంటసేపు వివరించగలను. అమ్మ పోయాక ఆ పెట్టెకు ఎండ చూపినవాళ్లు లేరు. తెరవక తప్పదు. ఒంటరిగా తెరిచే ధైర్యం లేక తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సు దిగి నడిచి వచ్చాడు. మజ్జిగ తాగి, పత్రికలు, దుప్పటి తీసి పక్కన పడేసి, "ఏముండాది అక్కా దీంట్లో, ఇంత భయపడతాండావు?" అంటూ మూత ఎత్తాడు. గడ్డిరంగు రెక్కలు నాలుగైదు లేచి చీకటి మూలల్లోకి పోయాయి. కంబళి అన్న పేరుకు తగ్గది ఏమీ మిగలలేదు. వాడు దాన్ని సంచిలో కుక్కి, అడుగు పలక వదులుగా ఉందని పైకి లాగాడు. నేను వద్దనేలోగానే లాగాడు. కింద అవ్వ దాచిన చీర ముక్క లేదు. చిక్కుపడ్డ జరీ పోగులు, బూజు గూళ్లు, చెక్క పొడవునా పరుచుకున్న ఎర్రటి పొడి.

"అక్కా, కుంకుమ! అవ్వ దాచిపెట్టింది అయ్యుంటాది" అన్నాడు మునిరాజు. కళ్లు మూసుకుని, చిటికెడు తీసి నుదుట పెట్టుకున్నాడు. "మా కోడలికి గూడా ఇంత పొట్లం కట్టియ్యి. నెలలు నిండినాయి, అవ్వ కాపాడతాది."

నేను ఎప్పుడు లేచానో, కొంగు ఎప్పుడు తడిపానో గుర్తులేదు. వాడి నుదురు తుడుస్తున్నాను. "ఏమక్కా? ఏమైంది నీకు?" అంటున్నాడు. "కుంకుమ కాదప్పా అది" అన్నాను. "మరేంది?" అన్నాడు. చెబుదామనే నోరు తెరిచాను. బట్టతల, నెరిసిన మీసం, అవ్వ తలపుతో తడిసిన కళ్లు. నోరు మూసుకుని ఇంకా తుడిచాను. ఎరుపు పోయింది, చర్మం కందింది. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"జ్వరం చూస్తాండావా, అవ్వలాగా?" అని వాడు నవ్వాడు.

నుదురు కొంచెం వెచ్చగానే ఉంది. ఎండన పడి వచ్చాడు కదా, అందుకే అనుకున్నాను. చెయ్యి మాత్రం తీయలేదు.